పెరటి పంచాంగము

ఉగాదినాడు తలంటి పోసికొని, వేపపూవు పచ్చడి నోట వేసికొని, పంచాంగము వినుట మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్న ఆచారము. ఏ రాశివారికి ఆదాయ మెంత, వ్యయ మెంత, రాజపూజ్య మెంత, అవమాన మెంత అని పెద్దలు చదువుచుండగా పిల్లలు సైతము చెవి యొగ్గి విందురు. వానల సంగతి, పంటల సంగతి, ధరల సంగతియు అందులో వచ్చును. కాని యింటి వెనుకనున్న పెరటిని గూర్చి అందులో ఒక్క పంక్తియు నుండదు. ఆనాటి పచ్చడిలో పడిన మామిడికాయయు, వేపపూవును పెరటి చెట్ల నుండియే వచ్చినను, ఆ పెరటికి ఆదాయ మెంత, వ్యయ మెంత అని అడుగువారు లేరు. మనము సంవత్సరము పొడుగునను దానినుండి కోసికొందుము. దానికి మరల ఇచ్చిన దెంత? ఈ ప్రసంగమున ఆ లెక్కను చూతము. రాబోవు సంవత్సరమున పెరడు మనకు కూర లీయవలె నన్నచో, ఈ వసంతమున మనము చేయవలసిన పను లేవియో క్రమముగా మనవి చేసెదను.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ఇంగ్లండు మొదలగు శీతల దేశముల తోట పుస్తకములు చదివినవారు వసంతమనగా విత్తనములు చల్లు కాలమని తలంతురు. ఆ దేశములకు అది నిజమే. అక్కడ చలికాలమున నేల గడ్డకట్టి యుండును. వసంతమున మంచు కరగి, మన్ను వెచ్చబడి, విత్తనము మొలచుట కనువగును. మన దేశపు సంగతి వేఱు. మన మన్ను ఏ కాలమునందును చలికి బిగుసుకొనిపోదు. చైత్రమున అది వెచ్చగానే యుండును, వైశాఖమున కాలుచుండును. దానికి కావలసినది వేడి గాదు, నీరు. ఆ దేశపు నేల సూర్యునికై వేచి యుండును. మన నేల మేఘమునకై వేచి యుండును. ఈ భేదము నెఱుగక, ఉగాది వచ్చినదిగదా యని సంచినిండ విత్తనములు తెచ్చి చల్లినవారి పెరళ్ళు మే నెల వచ్చునప్పటికి ఎండిన మడులతో నిండి యుండును. బావినీరు తగ్గిన దినములలో వారు నీళ్ళు మోసి మోసి విసిగి, ఇక ఈ నేలలో ఏమియు పండదని చెప్పి, పెరడంతయు సిమెంటుతో గచ్చు చేయింతురు. తప్పు నేలది కాదు, కాలము నెంచుకొనుటలో నున్నది.

అట్లని వసంతము పెరటికి విశ్రాంతి కాలమనియు అనరాదు. ఉగాది మొదలు మృగశిర కార్తె వఱకు సుమారు పది వారములు. ఈ పది వారములలో చేయు పని యంతయు విత్తనమునకు సంబంధించినది కాదు, నేలకు సంబంధించినది. నేలను తవ్వుట, ఎండబెట్టుట, ఎరువు మాగబెట్టుట, గోతులు తీయుట, వాననీటికి దారి చేయుట, విత్తనములను భద్రపఱచుట, ఇవియే ఆ పనులు. ఇవి చేసికొన్న పెరటిలో తొలకరి జల్లు పడిన మఱునాడే విత్తు పడును. చేసికొనని పెరటిలో తొలకరి పడిన పిదప గునపము వెదకుకొందురు, అదను దాటిపోవును.

పని ప్రారంభించుటకు ముందు ఒక దినము పెరటిని చూచుటకే వినియోగింపుడు. ఉదయము, మధ్యాహ్నము, సాయంకాలము మూడు మాఱులు నిలిచి, ఎండ ఎక్కడ పడుచున్నదో, నీడ ఎక్కడ సాగుచున్నదో గుఱుతుంచుకొనుడు. కాయకూరలకు దినమునకు ఆఱు గంటల ఎండయైన కావలెను. ఆకుకూరలు నాలుగు గంటల ఎండతో సరిపెట్టుకొనును. తెలుగు దేశమున సూర్యుడు ప్రాంతమును బట్టి ఏప్రిలు కడపటినుండి మే మధ్యమువఱకు నడినెత్తిమీదికి వచ్చును. చలికాలమున దక్షిణముగా ఒఱగును. కనుక చలికాలపు నీడలు ఉత్తరమునకు సాగును. దీనినిబట్టి మునగ, అరటి, కరివేప వంటి పొడుగు చెట్లను పెరటికి ఉత్తరమునను పడమటను నిలిపినచో, శీతకాలమున కూరమడులకు వాని నీడ అడ్డు రాదు. వేసవిలో పడమటి ఎండ నుండి మడులకు కొంత రక్షణయు కలుగును. ఈ చిన్న సంగతి ముందుగా నాలోచింపక దక్షిణపు గోడవార మామిడి నాటినవారు, పది సంవత్సరముల తరువాత దానిని నఱుకలేక, దానిక్రింద ఏమియు పండింపలేక బాధపడుదురు.

ఇక తవ్వకము. మాఘ ఫాల్గునముల నాటికి టమాట, కాబేజి, ముల్లంగి మొదలగు శీతకాలపు పైరులు ముగియును. ఆ మోళ్ళను పెఱికివేసి, మడిని జానెడు లోతున తవ్వి, పెళ్ళలు తిరుగవేసి అట్లే వదలిపెట్టవలెను. పెళ్ళలను చిదుగగొట్టి చదును చేయుట ఇప్పుడు పనికిరాదు. పెళ్ళల సందుల గుండ ఎండయు గాలియు లోనికి పోవుటయే మనకు కావలసినది. నేల బిగిసి గునపము దిగనిచో ముందటి సాయంకాలము నీరు చల్లి ఉదయము తవ్వవచ్చును. లేక మామిడికాయల కాలపు జల్లు ఒకటి పడువఱకు ఆగవచ్చును. నల్లరేగడి నేల యైనచో ఎండకు తనంత తానే బీటలు వాఱి గుల్లబాఱును. అందు తవ్వకము కొంత తక్కువైనను చెఱుపు లేదు. ఎఱ్ఱ నేల పైన అట్టుకట్టి గట్టిపడును; దానిని తప్పక తవ్వవలెను.

ఈ ఎండ చేయు పని సామాన్యమైనది కాదు. బీరకాయను, కాకరకాయను లోన తొలిచి కుళ్ళజేయు పండుఈగ యొక్క పిల్లపురుగు కాయనుండి జాఱి నేలలో దూరి, పైమన్నులోనే గూడు కట్టుకొనును. ఆకులను తినివేయు లద్దెపురుగును అట్లే నేలలో గూడు కట్టుకొనును. తవ్వకమున ఆ గూళ్ళు పైకి వచ్చి కొన్ని ఎండకు మాడును, కొన్నిటిని గోరువంకలును కొంగలును ఏఱుకొని తినును. గరిక వేళ్ళు పైనబడి ఎండిపోవును. తుంగ మాత్రము మొండిది. దాని గడ్డలను చేతితో ఏఱి పాఱవేయవలసినదే. మందుల కంగడికి పోకుండ, కాసు ఖర్చు లేకుండ, మన తీవ్రమైన ఎండయే ఈ సేవను మనకు చేయుచున్నది. మనము నిందించు వేసవి పెరటికి ఒక వైద్యుడని గ్రహింపవలెను.

నారుమడికి ఈ వైద్యమును మఱికొంత గాఢముగా చేయు పద్ధతి యొకటి కలదు. 1976వ సంవత్సరమున ఇస్రాయేలు దేశమున జేకబ్ కటాన్ అను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును దీనిని ప్రకటించిరి. మడిని చదును చేసి బాగుగా తడిపి, దానిమీద పల్చని పారదర్శకమైన ప్లాస్టిక్ పొరను బిగువుగా పఱచి, అంచులను మన్నుతో కప్పవలెను. నాలుగు నుండి ఆఱు వారములు అట్లే యుంచినచో, సూర్యుని వేడి లోపల చిక్కి పైమన్ను బాగుగా కాగి, నారును కుళ్ళజేయు శిలీంధ్రములును, కలుపు విత్తనములును చాలవఱకు నశించును. మన ఏప్రిలు, మే నెలలు ఇందుకు మిక్కిలి అనుకూలమైనవి. పొర తెల్లగా, అవతలిది కనబడునట్లుండవలెను. నల్లనిది అంతగా పనిచేయదు. పని ముగిసిన పిదప ఆ పొరను తీసి దాచుకొనవలెను గాని చింపి పెరటిలో వదలరాదు.

అయితే తవ్వి ఎండబెట్టుట కూరమడులకు మాత్రమే. చెట్ల మొదళ్ళను ఈ కాలమున తవ్వి బయలు పెట్టరాదు. అచ్చట అందుకు విరుద్ధమైన పని చేయవలెను. ఎండుటాకులో, వరిగడ్డియో, కొబ్బరిపీచో నాలుగు అంగుళముల మందమున పాదునిండ పఱచి, మొదలుకు తగులకుండ జానెడు ఎడము విడువవలెను. ఇది నేలకు గొడుగు వంటిది. తడి ఆఱిపోదు, వానపాములు చావవు, వేళ్ళు కాగవు.

ఇప్పుడు ఎరువు మాట. ఫాల్గున చైత్రములలో వేప, రావి, కానుగ ఆకు రాల్చి చిగుర్చును. వీధులలోను వాకిళ్ళలోను కుప్పలు కుప్పలుగా ఆకు పడును. ఉదయమున ఊడ్చి, సాయంకాలమున నిప్పు పెట్టుట పలుచోట్ల వాడుకయైనది. ఆ పొగ కండ్లకును ఊపిరితిత్తులకును చేయు హాని యొకటి. పెరటికి కలుగు నష్టము మఱియొకటి. చెట్టు సంవత్సరమంతయు నేల లోతులనుండి తీసికొన్న సారము ఆ ఆకులో నున్నది. దానిని కాల్చుట చేతికి వచ్చిన ఆదాయమును బూడిద చేయుట. పంచాంగములో వ్యయము చూచి దిగులుపడువారు ముందు ఈ వ్యయమును మానవలెను.

ఆకును ఎరువుగా మార్చు విధానమును శాస్త్రీయముగా నేర్పినవారిలో సర్ ఆల్బర్ట్ హవర్డు ముఖ్యుడు. ఆయన 1924 మొదలు 1931 వఱకు ఇందూరు నగరమున వ్యవసాయ పరిశోధన జరిపి, మన రైతుల అలవాట్లను శ్రద్ధగా పరిశీలించి, యశ్వంత వాడ్ అను సహకారితో గూడి, 1931లో తమ పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించెను. అది ఇందూరు పద్ధతి యని నేటికిని ప్రసిద్ధము. దానిని పెరటి కనువుగా కుదించి చెప్పెదను.

నీడపట్టున ఒక మీటరు వెడల్పు, ఒక మీటరు పొడుగు గల చోటు చూడుడు. అడుగున పుల్లలు పఱచి గాలికి దారి యుంచుడు. దానిమీద ఎండుటాకు జానెడు మందము, దానిపై వంటింటి కూరతొక్కలు, పచ్చిగడ్డి మూడు నాలుగు వ్రేళ్ళ మందము వేయుడు. పేడ దొరకినచో నీటిలో కలిపి చల్లుడు. ఒక గుప్పెడు బూడిదయు, ఒక తట్టెడు మన్నును చల్లుడు. ఇట్లు వరుసలు వరుసలుగా మీటరు ఎత్తు వచ్చువఱకు పేర్చవలెను. ఎండు పదార్థము మూడు పాళ్ళు, పచ్చి పదార్థము ఒక పాలు అను లెక్క స్థూలముగా సరిపోవును. తడి యెంత యుండవలెను? పిడికిట పట్టి పిండినచో ఒకటి రెండు చుక్కలు జాఱవలెను, అంతే. పేర్చిన నాలుగైదు దినములకు కుప్ప లోపల వేడి పుట్టును. అది మంచి శకునము. పదునైదు దినములకు ఒకమాఱు, నెలకు ఒకమాఱు, రెండు నెలలకు ఒకమాఱు తిరుగవేయుడు. దుర్వాసన వచ్చినచో తడి ఎక్కువైనదని తెలిసికొని ఎండుటాకు చేర్పుడు. వేడి పుట్టక అట్లే యున్నచో తడి గాని పచ్చి పదార్థము గాని తక్కువైనదని గ్రహింపుడు. నూనె కలిసిన వంటకములు, ఎముకలు, ప్లాస్టిక్ సంచులు కుప్పలో చేరరాదు. ఆకుకుప్పలలో తేళ్ళు, పాములు చేరుట కలదు. పారతో కదల్పవలెను గాని చేయి పెట్టరాదు.

ఈ ఎరువు మాగుటకు సుమారు మూడు నెలలు పట్టును. చైత్రము, వైశాఖము, జ్యేష్ఠము అని వ్రేళ్ళు మడిచి చూడుడు. ఉగాదినాడు పేర్చిన కుప్ప ఆషాఢము వచ్చునప్పటికి నల్లనై, తొలకరి మన్ను వాసన వేయుచు చేతికి వచ్చును. ఆషాఢమున పేర్చిన కుప్ప ఆశ్వయుజమునకు గాని రాదు. అప్పటికి వర్షకాలపు పైరు సగము గడచిపోవును. అందుచేతనే ఈ పని వసంతముననే చేయవలెనని నొక్కి చెప్పుచున్నాను. చివుకని పచ్చి ఎరువును తొందరపడి మడిలో వేసినచో చెదలును వేరుపురుగులును పట్టి, మేలుకు బదులు కీడు కలుగును.

చెట్లు నాటదలచినవారు గోతులు వైశాఖముననే తీయవలెను. మామిడి, కొబ్బరులకు పొడుగు, వెడల్పు, లోతులు ఒక్కొక్క మీటరు. నిమ్మ, అరటి, బొప్పాయిలకు అందులో సగము చాలును. తవ్వునప్పుడు పైమన్ను ఒక ప్రక్కను, అడుగుమన్ను మఱియొక ప్రక్కను పోయవలెను. గోతిని రెండు మూడు వారములు ఎండనిచ్చి, పిదప పైమన్నులో చివికిన ఎరువును కొంత వేపపిండిని కలిపి నింపి, నేలమట్టము కంటె జానెడు ఎత్తుగా వదలవలెను; వానకు అది క్రుంగి సమమగును. పసిపిల్లలున్న యిండ్లలో తెఱచియున్న గోతులకు ముండ్లకంపయైనను అడ్డు వేయుట మఱవరాదు.

నీటి సంగతి అన్నిటికంటె ముఖ్యము. ఒక చదరపు మీటరు చోట ఒక మిల్లీమీటరు వాన పడినచో ఒక లీటరు నీరు చేరును. ఇది కంఠస్థము చేయవలసిన లెక్క. 60 చదరపు మీటర్ల కప్పుమీద 10 మిల్లీమీటర్ల జల్లు పడినచో 600 లీటర్ల నీరు మన యింటి కప్పు నుండియే దిగును. ఈ నీరంతయు గొట్టము వెంట వీధి కాలువలోనికి పోవుచుండగా, మనము వేసవిలో బిందె నీటికై వాకిట నిలుచుందుము. తొలకరికి ముందే కప్పును ఊడ్చి, గొట్టపు మూతిని పెరటి వైపు త్రిప్పి, ఒక ఇంకుడు గుంటను తవ్వి రాళ్ళతోను ఇసుకతోను నింపి యుంచవలెను. తొట్లలో పట్టియుంచువారు వానిపై గట్టిగా మూత వేయవలెను. లేనిచో దోమలు పెరిగి డెంగీ జ్వరమునకు దారి యగును. గచ్చు చేసిన పెరటిలో ఒక్క చుక్కయు లోనికి దిగదు; ఆ యింటి బావియు బోరును ఎండుటకు ఆ గచ్చును ఒక కారణమే. నడకకు కావలసినంత మేర రాళ్ళు పఱచుకొని, తక్కినది మన్నుగా నుంచుట యింటికి క్షేమము.

వేసవి గడుపుటకు బియ్యము కడిగిన నీరు, కూరలు కడిగిన నీరు మడులకు నేరుగా పోయవచ్చును. స్నానపు నీటిని అరటిపాదుకు మళ్ళించుట మన పెద్దల పద్ధతి. అది నేటికిని మంచిదే. చిన్న చెట్టు ప్రక్కను నునుపు పూయని మట్టికుండను మెడవఱకు పాతిపెట్టి, నీరు నింపి మూత వేసినచో, ఆ నీరు కుండ గోడ గుండ మెల్లమెల్లగా ఊరి వేళ్ళకు అందును. నాలుగు చెంబులతో పాదు పైన పోసిన నీటిలో సగము ఎండ త్రాగును. కుండలోని నీరు చెట్టే త్రాగును.

ఇంత చెప్పినను, వసంతమున పెరడంతయు బోడిగా నుంచవలెనని నా మాట కాదు. ఉన్న నీటిని ముందు లెక్కించి, దానికి తగినంత మడి మాత్రము ఉంచుకొనవలెను. తోటకూర, గోంగూర, బచ్చలి, బెండ, గోరుచిక్కుడు మన ఎండకు ఓర్చు జాతులు. మీటరు వెడల్పు, మూడు మీటర్ల పొడుగు గల ఒక మడిని మూడు భాగములు చేసి, పది దినముల కొక భాగమున తోటకూర చల్లినచో, నెలదినములకు మొదటి భాగము కోతకు వచ్చును. అప్పటినుండి కూరకు కొదవ యుండదు. కొత్తిమీర, మెంతి ఈ వేడికి ఎదుగక పూతకు పోవును. టమాట పగటి వేడి 35 డిగ్రీలు దాటినచో పూత రాల్చును. వానికై ఇప్పుడు శ్రమపడుట వృథా.

విత్తనముల సంగతి చూతము. పందిరిమీద ఎండిన చిక్కుడుకాయలు, ముదిరిన ఆనపకాయ, బీరకాయ, చెట్టున విడిచిన బెండకాయ ఈ కాలమున చేతికి వచ్చును. తెగులు లేని చెట్టునుండి నిండైన కాయను ఎన్నుకొని, గింజలు తీసి, నీడలో ఆఱబెట్టవలెను. పంటితో కొఱికినచో పటుక్కున విఱుగవలెను. అంగినచో ఇంకను తడి యున్నదన్నమాట. జల్లించిన బూడిదలో కలిపి, ఎండిన వేపాకు చేర్చి, పొడి సీసాలో మూతబిగించి, పేరును నెలయును వ్రాసి చీటి అంటింపుడు. సంకర విత్తనముల వలన పండిన కాయలనుండి గింజ తీసి దాచుకొన్నచో తల్లి గుణము నిలువదు; వానిని ఏటేట కొనవలసినదే. పాత విత్తనమును జ్యేష్ఠమున పరీక్షింపుడు. ఇరువది గింజలను తడిగుడ్డలో చుట్టి వారము దినములు ఉంచినచో పదునైదు మొలచెనేని మంచి విత్తనము. పదియే మొలచెనేని రెండింతలు చల్లుడు. ఐదే మొలచెనేని ఆశ వదలుడు.

ఇక సంవత్సరపు క్రమమును సంగ్రహముగా చెప్పెదను. మృగశిర కార్తెలో జల్లు పడగానే ఆనప, బీర, పొట్ల, కాకర, గుమ్మడి పాదులు పెట్టవలెను. వంగ, మిరప నారు పోయవలెను. పందిళ్ళకు కఱ్ఱలు ఇప్పుడే పాతి యుంచినచో అప్పుడు తడబాటు కలుగదు. పందిరిచిక్కుడు ఆషాఢ శ్రావణములలో పెట్టవలెను. పగటి కాలము తగ్గినప్పుడు గాని అది పూయదు. కనుక ఎంత ముందు పెట్టినను తీగ పెరుగునే గాని కాయ ముందు రాదు. భాద్రపద ఆశ్వయుజములలో టమాట, కాబేజి, ముల్లంగి, మెంతి, కొత్తిమీరలకు సమయము. కోస్తా జిల్లాలవారు అక్టోబరు, నవంబరు తుపానులను తలంచుకొని మడులను జానెడు ఎత్తు చేసికొనవలెను. పుష్య మాఘములలో మరల వేసవి పాదులు. వంగ, టమాట, మిరప ఒకే కుటుంబపు చెట్లు. ఒకటి పోయిన మడిలో వెంటనే మఱియొకటి నాటినచో దాని తెగులు దీనికి సంక్రమించును. నడుమ చిక్కుడుజాతి పైరు నొకదానిని వేసినచో తెగులును తగ్గును, నేలకు సత్తువయు చేరును.

ఈ శ్రమ అంతయు ఎందుకు, అంగడిలో కూరలు దొరకుటలేదా యని ఎవరైన అడుగవచ్చును. పెద్దవారు దినమునకు కూరలు పండ్లు కలిపి 400 గ్రాములకు తక్కువ కాకుండ తినవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. నలుగురు పెద్దలున్న యింటికి ఇది 1,600 గ్రాములగును. మన యిండ్లలో అన్నమునకు కొదవ లేకున్నను ఈ భాగము చాలచోట్ల చాలదు. కూరల ధర పెరిగిన నెలలో మొదట తగ్గునది పిల్లల కంచములోని ఆకుకూరయే. చిన్న పెరడు మొత్తము తీర్పలేకపోవచ్చును. కాని ఆకుకూర విషయమున ఇంటిని స్వతంత్రముగా నిలుపగలదు. ముదురాకుపచ్చని కూరలలో నున్న పసుపువన్నె పదార్థమునుండి మన శరీరము కంటికి కావలసిన ఏ విటమినును చేసికొనును. ఆ కూరను కొంచెము నూనెతో వండిన అది బాగుగా ఒంటబట్టును. ఒక మునగచెట్టు, ఒక కరివేప, ఒక బొప్పాయి, ఒక తోటకూర మడి, ఇవి యుండగా పసిపిల్లకు కఱవు దినములలోను పచ్చని ముద్ద దొరకును. పెరటిని గచ్చు చేయునప్పుడు మనము కప్పివేయుచున్నది ఈ ముద్దను.

పెరడు లేనివారు నిరాశ పడవలదు. మేడమీద నాలుగు తొట్లున్నను ఈ క్రమమే వర్తించును. పాతమన్నును తీసి ఎండబెట్టి, అందు మూడవ వంతు చివికిన ఎరువు కలిపి జ్యేష్ఠమున నింపుకొనవచ్చును. తడిమన్ను ఘనపు మీటరునకు టన్నున్నరకు మించి తూగును గనుక, కప్పు బలము నెఱిగిన మేస్త్రీని అడిగి, తొట్లను గోడలమీదను దూలములమీదను వచ్చునట్లు అమర్చుకొనవలెను.

గృహిణులును గృహస్థులును ఈ వారమున మూడు పనులు చేసిన చాలునని నా మనవి. రాలిన ఆకును కాల్పక కుప్ప వేయుడు. ఒక మడిని తవ్వి పెళ్ళలతో వదలుడు. కప్పునీరు ఎటు పోవుచున్నదో చూచి దానిని పెరటివైపు త్రిప్పుటకు ఏర్పాటు చేయుడు. తక్కిన పనులు వీని వెంట వరుసగా వచ్చును. ఆకు, పేడ, నీరు, శ్రమ, ఇవి పెరటి పద్దులో వ్యయము; వానిని వసంతమున వ్రాసినవారికే వర్షర్తువునుండి ఆదాయము కనబడును. మీ పెరటికి ఈ సంవత్సరము ఆదాయము పదునాలుగు, వ్యయము రెండు అగు గాక.